గడియ వేసిన చేతిపై బాధ్యత



పెంపుడు పిల్లిని ఇంట్లోనే ఉంచాలా, బయటకు వదలాలా అని కొందరు మమ్మల్ని అడుగుతున్నారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తిండీ నీరూ పెట్టలేదు. నేలమీది పురుగూ పుట్రా తిని బ్రతకడానికైనా వదలలేదు. అది మరణించింది. అందువల్ల ఆమె నరకశిక్షకు గురయిందని దైవప్రవక్త (స) తెలియజేశారు.

ఆహారానికి, నీటికి లోటు రానీయకపోతే పిల్లిని కట్టి ఉంచడం సమ్మతమేనని ఇమామ్ ఖుర్తుబీ (రహ్మలై) ఈ హదీసు నుండే గ్రహించారు. ఇబ్నె హజర్ (రహ్మలై) 'ఫత్హుల్ బారీ'లో ఆ మాటను పేర్కొన్నారు. అంటే, తలుపు మూసిన క్షణం నుండి ఆ జీవి ఆకలి మన బాధ్యత అవుతుంది.

ఒక పండుగకు బంధువుల ఊరికి వెళుతూ, పిల్లి లోపల ఉన్నదో లేదో చూడకుండానే మేము ఇంటికి తాళం వేశాము. మరునాటి రాత్రి తిరిగి వచ్చేసరికి తలుపు చెక్క నిండా గోళ్ళ గీతలు. నీళ్ళు పెడితే చాలాసేపు గిన్నెలోనుంచి తల ఎత్తలేదు. ఏళ్ళ తరబడి ఆ హదీసును బోధించిన మేము ఆ రాత్రి సిగ్గుతో తల దించుకున్నాము.

కనుక లోపల ఉంచేవారు వేళకు తిండి, శుభ్రమైన నీరు, విసర్జనకు ఇసుక, తిరగడానికి చోటు కల్పించాలి. బయటకు వదిలేవారు రేబిస్ టీకా వేయించాలి; పొరుగింట అది చేసే అశుద్ధానికీ, పట్టుకుపోయే కోడిపిల్లకూ వారే జవాబుదారులు. ప్రయాణమయ్యేవారు ఇల్లంతా చూసి మరీ తాళం వేయాలి. పిల్లి ఇంట్లోనే ఉంటే తాళంచెవిని నమ్మకమైన పొరుగువారికి అప్పగించాలి.

నోరులేని జీవుల హక్కు నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.