పారిపోని పురుగు
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మొన్నామధ్య అమెరికాలో చదువుకుంటున్న మా అక్క కొడుకు ఫోను చేశాడు. "చిన్నమ్మా! మన గూడూరుల కోళ్ళకు పురుగులు ఏరి వేస్తరు గదా, ఏది మంచిదో ఏది చెడ్డదో ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు. కోళ్ళు పెంచుతున్నావా నాయనా అంటే, కాదట. సాలీడును పెంచుతున్నాడట! అరచేతంత ఉంటుందట. టరాంటులా అంటారు.

నాకు నవ్వు వచ్చింది. కాని అది మన సీమ సాలీడేనని తెలిసి ఆశ్చర్యపోయాను. మెరిసే నీలిరంగుది. 1899లో అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వేవారి కలప అడితిలో దొరికిన ఒకే ఒక్కదాన్ని చూసి పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టాడు. తరవాత నూరేళ్ళదాకా శాస్త్రజ్ఞుల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. అడవిలో అది చాలా అరుదు. అందుకే 2019 నుంచి ఈ జాతి సాలీళ్ళను దేశాలు దాటించడంమీద అదుపు పెట్టారు. మావాడిది అక్కడే, పెంపకంలో పుట్టినదట.

దానికి అంగట్లో కొన్న కీచురాళ్ళు మేపుతాడట. ఆ రోజు అవి అయిపోయాయి. "ఇంటెనక గడ్డిల మిడతలు మస్తున్నయి. పట్టుకొచ్చి వెయ్యనా?" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. ఎందుకు అన్నానో చెప్పాలంటే, నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

మా ఊరికి ఒకపక్క పాకాల అడవి, ఇంకోపక్క పత్తి, మిరప చేలు. మా పెరట్లో ఎప్పుడూ నాటుకోళ్ళు ఉంటాయి. కోళ్ళ డబ్బు ఆడవాళ్ళ చేతి డబ్బు. మీకు వేరే చెప్పనక్కరలేదు. కొన్నేళ్ళ క్రిందట దసరా ముందర ఒక కోడి పదకొండు పిల్లల్ని లేపింది. అప్పటికి మా చిన్నవాడికి ఏడేళ్ళు. వాడు ఒకనాడు డబ్బా నిండా పచ్చపురుగులు ఏరుకొచ్చి పిల్లలకు పోశాడు. అవి ఎగబడి తింటుంటే నేనూ మురిసిపోయాను. పొద్దుగూకేసరికి పిల్లలు తూలసాగాయి. నోటివెంట సొంగ, కాళ్ళు నిలవలేదు. తెల్లవారేసరికి రెండే మిగిలాయి.

ఆ పురుగులు పక్క మిరపచేనులోవి. ముందురోజే మందు కొట్టారు. "నేనే సంపిననా అమ్మా?" అని వాడు ఏడ్చాడు. వాడి తప్పేముంది? ఎక్కడివి బిడ్డా అని నేను అడగలేదు. అడగాల్సింది నేను.

ఆ తరవాతే నాకు ఒక సంగతి తట్టింది. ఏడేళ్ళ పిల్లవాడికి డబ్బా నిండా పురుగులు ఎలా దొరికాయి? అవి పారిపోలేదు గనుక! మందు తగిలిన పురుగు మందంగా కదులుతుంది, వెల్లకిలా పడి కొట్టుకుంటుంది. కోడి కంటికి ముందుగా ఆనేదీ అదే. సులువుగా దొరికిన పురుగునే అనుమానించాలి.

ఇది మా పెరటికే పరిమితమైన కథ కాదు. 1995-96లో అర్జెంటీనాలో, ఉత్తర అమెరికానుంచి చలికాలానికి వలసవెళ్ళిన డేగలు వేలకు వేలు నేలరాలాయి. ఆ డేగలకు మిడతలంటే ఇష్టం. పొలాల్లో మిడతలకోసం చల్లింది మన రైతులకూ తెలిసిన మోనోక్రోటోఫాసే.

మరి పురుగులు మానేద్దామా? మానవద్దు. ఎదిగే పిల్లలకు అంత బలమైన తిండి ఊరికే ఎక్కడ దొరుకుతుంది? చూసి పెట్టాలి, అంతే.

మొదట ఎక్కడిదో అడగండి. మందు కొట్టిన చేనుదైతే, హుషారుగా ఎగురుతున్నా సరే, వద్దు. చావని పురుగు ఒంట్లోనూ మందు ఉండవచ్చు. రెండోది, నడక చూడండి. ముట్టుకోబోతే తప్పించుకోవాలి. మూడోది, రంగు చూడండి. పసుపు, నీలం చారల జిల్లేడు మిడత దగ్గరికి వెళ్ళినా తొందరపడదు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో ఉంటుంది, ఇక దానికి భయమేమిటి? కంది, బెండ పూలమీద వాలే, నల్లరెక్కలపై నారింజ పట్టీలున్న పెంకుపురుగూ అంతే. నలిపితే మన చర్మంమీదే బొబ్బలు లేస్తాయి. కుళ్ళిన కళేబరంలోని పురుగులను అసలే తిననీయవద్దు. వాటివల్ల కోళ్ళు మెడ వేలాడేసి చచ్చిపోయే జబ్బు వస్తుంది. కళేబరం కనిపిస్తే లోతుగా పూడ్చేయండి.

అన్నిటికన్నా మేలు, చెదలకుండ. పాతకుండలో ఎండుపేడ, గడ్డి, చిరిగిన గోనెముక్కలు కూరి, నీళ్ళు చిలకరించి, చెదలున్న నేలమీద సాయంత్రం బోర్లించండి. ఇంటి గుమ్మాలకు, దూలాలకు దూరంగా సుమా! చెదలమందు పోసిన చోట వద్దు. తెల్లవారి కుండ ఎత్తి పిల్లలముందు దులపండి. చెద కూడా పారిపోదు, నిజమే. కాని అది ఎక్కడిదో మనకు తెలుసు.

మావాడికీ ఇదే చెప్పాను. సాలీడు కొన్ని వారాలు తినకపోయినా బతుకుతుందట; ఇక తొందరెందుకు? కీచురాళ్ళు తెప్పించుకో, నాలుగు రోజులు కారట్ ముక్కలు, గింజల పిండి పెట్టి మేపు, ఆ తరవాత దానికి వెయ్యి అన్నాను. పురుగుకు పెట్టిన తిండే సాలీడుకు పెట్టినట్టు గదా! సాలీడు ఒంటికన్నా పెద్ద పురుగు వేయకూడదనీ, కుబుసం విడిచేటప్పుడు ఏ పురుగునూ దగ్గర ఉంచకూడదనీ, ఉంచితే మెత్తబడిన సాలీడునే అది కొరుకుతుందనీ వాడే నాకు చెప్పాడు.

రెండు రోజుల తరవాత మళ్ళీ ఫోను చేశాడు. ఆ గడ్డిలో ఓ మూల చిన్న జెండా పాతి ఉందట. మందు చల్లాము, పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ రానీయకండి అని దానిమీద రాసి ఉందట. మా మిరపచేనుకు ఆనాడు ఏ జెండా లేదు. మన చేలకు ఉండదు కూడా. కనుక అమ్మలారా, అడగటం మన వంతు.