అన్‌లెస్ పక్కన నాట్ రాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి వచ్చిన పాత ముఖాలను ఇందాకటి నుంచి చూస్తున్నాను. 2016లో మూడు జిల్లాల వాళ్ళమయ్యాం గానీ, ఈ బెంచీల మీద కూర్చున్నప్పుడు అందరిదీ వరంగల్ జిల్లానే. అందరికీ ఒకటే భయం, ఇంగ్లిష్.

మా 1985 బ్యాచ్‌కు ఏబీసీడీలు ఆరో తరగతిలో, నాలుగు గీతల కాపీ నోట్‌బుక్‌లో మొదలయ్యాయి. పదో తరగతికి యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చడం వచ్చింది. మంచినీళ్ళు కావాలని ఇంగ్లిష్‌లో అడగడం మాత్రం రాలేదు! మా సారు 'ఇఫ్, నాట్' వాక్యాలను 'అన్‌లెస్'లోకి మార్పించేవారు. "అన్‌లెస్‌లోనే 'లేకుంటే' ఉన్నదిరా, పక్కన మళ్ళీ నాట్ పెడితే అర్థం ఉల్టా అయితది" అనేవారు. నేను పెడుతూనే ఉండేవాణ్ణి. ఒకరోజు యాభైసార్లు రాయించారు.

ఇంటర్ కూడా తెలుగు మీడియమే. ఇంజినీరింగ్‌లో చేరితే, త్వరణం తెలుసు, యాక్సిలరేషన్ తెలియదు. ఘర్షణ తెలుసు, ఫ్రిక్షన్ తెలియదు. జవాబు తెలిసి కూడా తలదించుకుని నిలబడ్డాను. మొదటి సంవత్సరం రెండు సబ్జెక్టులు పోయాయి. నాతోపాటు చేరిన మన క్లాస్‌మేట్ ఒకడు, లెక్కల్లో నాకంటే చురుకు, సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి మళ్ళీ కాలేజీకి పోలేదు. ఈ సభకూ రాలేదు. నన్ను నిలబెట్టింది సారు నేర్పిన వ్యాకరణం. నోరు పెగలకపోయినా వాక్యంలో కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వెతికి పట్టుకునేవాణ్ణి. ఆ పుస్తకాల నిండా పాసివ్ వాయిస్సే.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సైటులో, పేరు అనవసరం, ఆవిరి లైను వాల్వు మరమ్మతుకు వచ్చింది. ప్రెషర్ పూర్తిగా దించితే తప్ప బోల్టులు విప్పొద్దని మాన్యువల్‌లో ఉంది. ఆ వాక్యాన్ని పనివాళ్ళ కోసం బోర్డు మీద రాసినప్పుడు, అన్‌లెస్ ఉన్న చోటే ఒక నాట్ వచ్చి చేరింది. అంటే, ప్రెషర్ ఉన్నప్పుడే విప్పమని! చదివి చెప్పిన కుర్ర ఇంజినీరుకు అనుమానం రాలేదు. ఫిట్టర్ స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ నాట్ చూడగానే నా చేతికి యాభైసార్లు రాసిన నొప్పి గుర్తొచ్చింది. పని ఆపించి గేజ్ చూస్తే, లైనులో ఇంకా ప్రెషర్ ఉంది. ఆ రోజే బోర్డు తెలుగులో కూడా రాయించాను. మొదటే రాయించాల్సింది.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. సంతోషమే. కానీ పాఠం గడగడా చదివిన పిల్లను అందులో ఏముందని అడిగితే నా వైపు చూస్తున్నది. ఇదే భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ ప్లాంటులో 500, 600 మెగావాట్ల యూనిట్లున్నాయి. అలాంటి చోట కొలువు చేయాలంటే మాన్యువల్ చదివి అర్థం చేసుకోవాలి, తెలియకపోతే నోరు విప్పి అడగాలి. టీచర్లకు నా మనవి, తెలుగులో అర్థం చెప్పడం మానకండి. తప్పు మాట్లాడిన పిల్లను చూసి క్లాసును నవ్వనివ్వకండి.

హెడ్మాస్టరు గారు ఒక పీరియడ్ ఇస్తే, నెలకో శనివారం నేనొస్తాను. మోటారు మాన్యువల్, పురుగుమందు డబ్బా మీది కాగితం, ఏది దొరికితే అది తెస్తాను, పిల్లలతో కూర్చుని చదువుతాను. వస్తానంటే మా క్లాస్‌మేట్‌ను కూడా వెంట తెస్తాను, లెక్కలు చెప్పడానికి.