కుంతీదేవి మాతృహృదయము



నన్నయ రచించిన ఆదిపర్వము మొదలు తిక్కన రచించిన ఆశ్రమవాసపర్వము వఱకు భారతమున కుంతీదేవి జీవితము వ్యాపించియున్నది. ఆ దీర్ఘజీవితమున ఆమెకు మిక్కిలి తీపిదినములు ఏవి? లక్కయిల్లు కాలిన పిమ్మట ఏకచక్రపురమున ఒక విప్రుని యింట తలదాచుకొన్న దినములే కావలయును. కుమారులు భిక్షమెత్తి తెచ్చెడివారు. ఆమె అందు సగము భీమునకిడి, తక్కిన సగము అందఱికిని పంచెడిది. పేదఱికమే గాని యెడబాటు లేదు.

తరువాత ఇంద్రప్రస్థ వైభవము వచ్చెను. జూదము దానిని హరించెను. 13 ఏండ్లు ఆమె విదురుని యింట కొడుకులకై యెదురుచూచెను. యుద్ధము ముగిసి, వారు రాజ్యమేలుచుండగా 15 ఏండ్లు గడచిన పిమ్మట, గాంధారీధృతరాష్ట్రులకు పరిచర్య సేయ వారి వెంట అడవికేగెను. కొడుకులు పరులకు లోబడి బ్రదుకరాదని కోరినదే గాని, వారు గెలిచిన సిరిని తాననుభవింప గోరలేదు.

పిదప కొడుకులు చూడవచ్చిరి. సహదేవుడు పరుగున పోయి తల్లి పాదములు పట్టుకొని యేడ్చెను, విడిచిపోనని మొఱపెట్టెను. ఆమెయే యోదార్చి పంపెను. అదియే కడపటి చూపు. దావాగ్నిలో ఆమె గతించిన వార్త నారదుడు తెచ్చెను.

రాజ్యమేలు కొడుకులకైనను తల్లి సన్నిధి కొలది దినములదే. ఇంట ముదుసలితల్లి గలవారు నేటిరేయి ఆమె సరసనే విస్తరి వేసికొనుడు.