‘టెన్షనే’ అనేముందు



గుండె దడ, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుందని వచ్చేవాళ్లను వైద్యులం, ఏఎన్‌ఎంలు, ఆశా చెల్లెమ్మలు మనమంతా రోజూ చూస్తాం. వాళ్లలో చాలామందికి గుండె బాగానే ఉంటుంది. ఆ అలవాటులోనే మిగతా కొద్దిమంది మన చేతుల్లోంచి జారిపోతున్నారు. ఆడమనిషి, వయసు పాతికో ముప్ఫయ్యో, ఇంట్లో అప్పుల బాధ ఉందని తెలిస్తే చాలు, “టెన్షన్ పెట్టుకోకమ్మా” అని మాత్ర రాసి పంపేస్తాం. మన దేశంలో మైట్రల్ వాల్వు సన్నబడే జబ్బు ఎక్కువగా కనిపించేది కూడా సరిగ్గా ఆ వయసు ఆడవాళ్లలోనే.

దాని పుట్టుక మీకు తెలిసిందే. చిన్నతనంలో, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య, స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన గొంతునొప్పి. దాని తర్వాత కీళ్లవాత జ్వరం. ఆ తర్వాత ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా వాల్వు బిగుసుకుపోవడం. “చిన్నప్పుడు కీళ్లు వాచాయా?” అని అడిగితే చాలామందికి గుర్తుండదు. గుర్తు లేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

నేను నొక్కి చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మైట్రల్ వాల్వు తెరుచుకునే వైశాల్యం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. అది 1.5కు తగ్గిందంటే జబ్బు ముదిరినట్టే. రక్తం ఆ ఇరుకులోంచి దిగేది గుండె రెండు స్పందనల మధ్య విశ్రాంతి సమయంలో. గుండె వేగం పెరిగితే ఆ సమయం కుదించుకుపోతుంది. దిగాల్సిన రక్తం వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. వేగం పెరగడానికి పరుగే అక్కర్లేదు; జ్వరం చాలు, కోపం చాలు, భయం చాలు. కాబట్టి “మా ఆయన కేకలేస్తే ఊపిరాడదు డాక్టరుగారూ” అని ఒకావిడ చెప్పిందంటే, జబ్బు మనసులోనే ఉందని తేల్చేయకూడదు. వాల్వు సన్నబడ్డ మనిషికీ అచ్చం అలాగే అవుతుంది.

దడకని మనం ఇచ్చే ప్రొప్రనలాల్ సంగతీ అంతే. అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది గనక గాభరా ఉన్నవాళ్లకూ, వాల్వు సన్నబడ్డవాళ్లకూ, ఇద్దరికీ హాయిగానే ఉంటుంది. మాత్రతో తగ్గింది కాబట్టి అది టెన్షనే అనుకోవడం నా దృష్టిలో చాలా ప్రమాదకరం.

మరి తేడా ఎలా పట్టుకోవాలి? ముందు అడగాలి. అయితే “ఆయాసం వస్తోందా?” అని అడిగితే లేదంటారు. ఎందుకంటే ఆయాసం తెచ్చే పనిని తెలియకుండానే మానేసి ఉంటారు. నాట్లకు వెళ్లే మనిషైతే, “నిరుడు అందరితో సమానంగా నాటేదానివా? ఈ ఏడు వెనకబడుతున్నావా?” అని అడగండి. నీళ్లబిందెతో మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతోందా? తలకింద దిండ్లు పెరిగాయా? పడుకున్న ఒకటి రెండు గంటలకు దగ్గుతో, ఊపిరాడక లేచి కూర్చుంటోందా? నెలలు గడిచేకొద్దీ చేయగలిగే పని తగ్గుతూ వస్తే అది వాల్వు తీరు. గాభరా అలా కాదు. ఊరికే కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి మొదలై, పది నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది. పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం, ఇక చచ్చిపోతానన్న భయం. మర్నాడు అదే మనిషి సంతంతా తిరిగి, రెండంతస్తులెక్కి వస్తుంది. అర్ధరాత్రి గాభరాతో లేచేవాళ్లూ లేకపోలేదు. అందుకే ఒక్క జవాబుతో తీర్పు చెప్పకండి.

ఇక వినడం. చీర మీద నుంచి, తిరుగుతున్న ఫ్యాను కింద, కూర్చోబెట్టి వింటే ఈ జబ్బు దొరకదు. తోడుగా ఏఎన్‌ఎమ్మును ఉంచి, ఫ్యాను ఆపించండి. నాలుగైదుసార్లు లేచి కూర్చోమని, వెంటనే ఎడమపక్కకు ఒత్తిగిలమనండి. గుండె కొన కొట్టుకునే చోటు వేలితో వెతికి, స్టెతస్కోపు బెల్ వైపు ఆనీ ఆనకుండా పెట్టండి. అదిమితే సన్నబడ్డ వాల్వు చేసే మంద్రమైన ఉరుము మాయమైపోతుంది. మొదటి శబ్దం టప్పున గట్టిగా వినిపించిందంటే అక్కడే ఆగి మళ్లీ వినండి. నాడి నిమిషంసేపు చూడండి. అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. అలా కొట్టుకునే గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈసీజీ బాగున్నా వాల్వు బాగుందని కాదు. టూడీ ఎకో కావాల్సిందే. పెద్ద వయసువాళ్లు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోతే అయోర్టిక్ వాల్వును అనుమానించండి.

గర్భిణుల గురించి ఆశా చెల్లెమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. అప్పటిదాకా దాగిన వాల్వు జబ్బు ఐదారు నెలలకు బయటపడుతుంది. కాన్పయిన వెంటనే మరీ ప్రమాదం. నెలలు నిండుతుంటే ఆయాసం మామూలేగా అని పెద్దవాళ్లు అంటారు. పడుకోలేకపోవడం మాత్రం మామూలు కాదు.

ఇంకోవైపూ పొరపాటు జరుగుతోంది. గాభరాతో వచ్చిన పిల్లకు ఎకో తీసి, రిపోర్టులో ‘స్వల్ప లీకేజీ’ అని చూసి, వాల్వు జబ్బని చెప్పేస్తున్నారు. ఆమాత్రం లీకేజీ ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఉంటుంది. మైట్రల్ ప్రొలాప్స్ (వాల్వు రెక్క వెనక్కి ఉబ్బడం) చరిత్రే తీసుకోండి. 1871లో జాకబ్ డకోస్టా అమెరికా అంతర్యుద్ధపు సైనికుల్లో దడ, ఛాతీనొప్పి గురించి రాశారు. 1960లలో జొహన్నెస్‌బర్గ్‌లో జాన్ బార్లో ఒక క్లిక్ శబ్దమూ దాని వెంట వచ్చే మర్మరూ మైట్రల్ వాల్వు నుంచే వస్తాయని చూపించారు. తర్వాత ఏళ్లకేళ్లు, డకోస్టా రాసిన దడకూ, గాభరాకూ ఈ ప్రొలాప్సే కారణమని చాలామంది నమ్మారు. 1999లో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం సరైన కొలమానంతో చూస్తే ప్రొలాప్స్ 2.4 శాతం మందిలోనే కనిపించింది. ఛాతీనొప్పి, ఆయాసం వాళ్లలో మిగతావాళ్లకంటే ఎక్కువేమీ లేవు. అలాంటి పిల్లతో “నీ గుండె గట్టిదే. ఈ గాభరా కూడా నిజమైన బాధే, దానికీ వైద్యం ఉంది” అని కూర్చోబెట్టి చెప్పండి. లేనిపోని వాల్వు జబ్బు అంటగడితే ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుంది.

నిజంగా వాల్వు సన్నబడితే, దాని స్థితిని బట్టి చాలామందికి ఛాతీ కోయకుండానే బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు. కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకొకసారి వేసే బెంజథిన్ పెన్సిలిన్ సూది ఆగకుండా చూడాల్సింది మాత్రం మనమే.

పంపేటప్పుడు చీటీ మీద ‘దడ, ఎకో చేయగలరు’ అని వదిలేయకండి. ఏ పని ఎప్పటినుంచి చేయలేకపోతోంది, నాడి ఎలా ఉంది, పక్కకు తిప్పి వింటే ఏం వినిపించింది, గర్భిణి అయితే ఎన్నో నెల అనేవి రాయండి. వందమంది వరసలో ఉన్నచోట ఆమెను ముందు పిలిపించేది ఆ నాలుగు వాక్యాలే.