ఎద్దు పరుగు: బలము, గమనము
(సూళగిరియందు చేసిన ప్రసంగ పాఠము)



సంక్రాంతి దాటినంతనే మన సూళగిరి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల పల్లెలలో ఎద్దులను విడుచు పండుగలు మొదలగును. తమిళమున దీనిని ‘ఎరుదు విడుం విళా’ అందురు. మేమును బాల్యమున మిద్దెలమీద కూర్చుండి, అలంకరించిన ఎద్దులు దుమ్ము రేపుకొనుచు పోవుచుండగా కేకలు వేసినవారమే. కావున పండుగను నిందించుటకు ఇచ్చట నిలువలేదు. 2014 మే 7వ తేదీన సుప్రీము కోర్టు జల్లికట్టును నిషేధించుట, 2017లో తమిళనాడు శాసనసభ చట్టమును సవరించుట, ఆ సవరణ చెల్లునని 2023 మే 18న అదే కోర్టు తీర్పు చెప్పుట మీరెరిగినవే. పండుగ నిలిచినది. అందు మనుష్యులు నిలిచియుండుటకు ఏమి తెలియవలెనో అదియే నేటి విషయము.

మన పిల్లలలో పెక్కుమంది భౌతికశాస్త్రమును తమిళమున గాని ఇంగ్లీషున గాని చదువుచున్నారు. జడత్వము, త్వరణము, ద్రవ్యవేగము అను మాటలు వారికి ఇంట వినబడుట అరుదు. కాని ఆ మాటలు చెప్పు సంగతులు మనకు నిత్యానుభవములు. హోసూరు బస్సులో నిలుచుండి పోవునపుడు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసిన ముందుకు తూలుదుము. బస్సు ఆగినది, మన శరీరము ఇంకను ఆగలేదు. ఇదియే జడత్వము. బయటి బలమేదియు పనిచేయనంతవరకు కదలు వస్తువు అదే వేగముతో సరళరేఖలో పోవుచుండునని న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమున మొదటి సూత్రము.

ఇక ఎద్దు మాట. 350 కిలోలు తూగు ఎద్దు సెకనుకు 10 మీటర్లు, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నదనుకొందము. బరువును వేగముతో హెచ్చించినచో వచ్చునది ద్రవ్యవేగము, ఇచ్చట 3,500. ఈ మొత్తము సున్న అయిననే ఎద్దు ఆగును. ఎంతసేపటిలో సున్న కావలెనన్నదే ప్రాణములకు సంబంధించిన ప్రశ్న. గీత దాటిన పిదప 20 మీటర్ల నేల యున్నచో ఎద్దు 4 సెకనులలో నెమ్మదించి ఆగగలదు. అందులకు కావలసిన సగటు బలము 875 న్యూటనులు, రమారమి 90 కిలోల బరువు. అదే ఎద్దు అర మీటరులో ఆగవలసివచ్చినచో, అనగా ఎదుట గోడయో బండియో మనుష్యుల గుంపో ఉన్నచో, బలము 35,000 న్యూటనులు. మూడున్నర టన్నుల బరువు! ఎద్దు మారలేదు, వేగము మారలేదు. దూరము మాత్రము నలుబది రెట్లు తగ్గినది, బలము నలుబది రెట్లు పెరిగినది.

క్రికెట్టు ఆడు బాలుడు దీనిని లెక్క వేయకయే ఎరుగును. బంతిని పట్టునపుడు చేతులను వెనుకకు లాగుకొనును. బిగబట్టిన చేతులతో పట్టినవాని వ్రేళ్ళు వాచును.

మైదానమున పరుగెత్తువారిని చూడుడు. విశాఖపట్టణపు ఆడపడుచు యర్రాజి జ్యోతి గారు 2023 జూలైలో బ్యాంకాకున ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సును 13.09 సెకనులలో ముగించి స్వర్ణపతకము గెలిచిరి. సగటున సెకనుకు 7.6 మీటర్లు, అదియు పది అడ్డుకఱ్ఱలను దాటుచు. జమైకా వీరుడు ఉసేన్ బోల్టు 2009లో బెర్లినున 9.58 సెకనులలో 100 మీటర్లు పరుగెత్తెను. ఆ సగటు మనము చెప్పుకొనిన ఎద్దు వేగమునకంటె ఇంచుక ఎక్కువ. వీరెవ్వరును గీతయొద్ద ఆగలేరు. అందుచేతనే గీతకు ఆవల కూడ బాట ఉంచుదురు. మనిషికి అంత జాగ్రత్త చేసి, అతనికి నాలుగు రెట్లు బరువుగల పశువునకు ఏమియు ఉంచకుండుట వింత కాదా?

మరియొక సంగతి. వీధి మలుపు తిరుగుచోట ఎద్దు తిన్నగానే పోవజూచును. దానిని త్రిప్పునది గిట్టలకు నేలతో గల ఘర్షణయే. తారు రోడ్డుపైన, తడి నేలపైన ఆ పట్టు సడలును. కాబట్టి మలుపునకు వెలుపలి ప్రక్కనే కాలు జారిన ఎద్దు వచ్చిపడును. పండుగనాడు జనము గుమిగూడునదియు అచ్చటనే, అచ్చటినుండి బాగుగా కనబడును గనుక!

‘మా ఎద్దు సాధువు, మనుష్యుని చూచి ఆగును’ అని పెద్దలు కొందరు అందురు. సాధువే కావచ్చును. ఆగవలెనని అది తలచిన క్షణమునుండి ఆగు క్షణమువరకు నేల కావలెను గదా. వేగము రెట్టింపైనచో ఆ నేల నాలుగింతలు కావలెను. సాధుత్వము ఈ లెక్కను మార్చదు.

ఈ యేడు గీత గీయుటకు ముందు మన పల్లె యువకులు టేపు పట్టుకొని గీతకు ఆవలి నేలను కొలువవలెనని కోరుచున్నాము. 20 మీటర్లు మన లెక్కలోని ఎద్దునకు వచ్చిన అంకె మాత్రమే. మేలుజాతి కోడెకు అంతకు రెట్టింపు ఉంచుడు. అంత నేల లేనిచో గీతను ఈవలకు జరుపుడు. పరుగు కొంత పొట్టిదగును.