విరిగిన జత్రుకకు లోహపు పలక

రొమ్ము ఎముకను భుజంతో కలిపే సన్నని, వంపు తిరిగిన ఎముకను జత్రుక అని, వాడుకలో కాలర్‌బోన్ అని అంటారు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో కేబుల్ వంతెన సమీపంలో మోటారు సైకిలుపై నుంచి పడిన నటుడు సాయి ధరమ్ తేజ్‌కు ఈ ఎముకే విరగగా, జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రి వైద్యులు సెప్టెంబరు 12న దానికి శస్త్రచికిత్స చేశారు.

జత్రుక ఎక్కువగా మధ్యభాగంలో విరుగుతుంది. ముక్కలు పెద్దగా జరగకపోతే, ముఖ్యంగా పిల్లల్లో, చేతిని మెడకు వేలాడదీసే పట్టీతోనే అది అతుక్కుంటుంది. ముక్కలు బాగా పక్కకు జరిగినా, ఎముక పొడవు సుమారు 2 సెంటీమీటర్లు తగ్గినా, చర్మం చీలే ప్రమాదమున్నా, వైద్యులు ముక్కలను సరిచేసి, టైటానియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు పలకను మరలతో బిగిస్తారు. పలక ఎముకను అతికించదు. శరీరమే కొత్త ఎముకను నిర్మించుకునేదాకా ముక్కలను కదలకుండా పట్టి ఉంచుతుంది.

కెనడా శస్త్రవైద్యులు 132 మంది వయోజనులపై జరిపి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పలక వేసినవారిలో ఎముక అతుక్కోకపోవడం తక్కువగా కనిపించింది. అయితే ఇన్ఫెక్షన్, గాయం చుట్టూ తిమ్మిరి, చర్మం కింద పలక ఒత్తిడి వంటి ఇబ్బందులు కలగవచ్చు గనుక, ఎక్స్‌రేతోపాటు రోగి వయసును, వృత్తిని కూడా పరిశీలించి చికిత్సను నిర్ణయించడం సముచితం.