పెరటి కంచె



ఈ సాయంకాలము మీతో ముచ్చటించుటకు నాకిచ్చిన విషయము పెరటితోట. తోటల పెంపకమును గూర్చి చెప్పుటకు ఉద్యానశాఖవారు కలరు. నేను తెలుగును సంస్కృతమును చెప్పుకొని బ్రదికిన బడిపంతులను. ఈ విషయమున నాకుగల అర్హత యొక్కటే: నేనొక పొరపాటు చేసితిని. ఆ పొరపాటే నేడు పల్లెపల్లెనను జరుగుచున్నది.

మాది మెట్టప్రాంతపు పల్లె. మా తండ్రిగారి నాటినుండి మా పెరటిచుట్టును పచ్చని కంచె యుండెడిది. తంగేడు, వాక్కాయ, బలుసు, నడుమ నడుమ జిల్లేడు, ఒక మూల గానుగ. వానికెవరును నీరు పోసి యెరుగరు. ఉద్యోగవిరమణము చేసిన సంవత్సరము, ఇల్లు చూడ ముచ్చటగా నుండవలెనని కూలీలను పెట్టి ఆ కంచెను సమూలముగా కొట్టించి గోడ పెట్టించితిని. పట్టణమునుండి క్రోటను మొక్కలు, కాగితపుపూల తీగలు, పరచుటకు పచ్చిక తెప్పించితిని. పాతపందిరి వెదురువాసములు పుచ్చినవని పొయ్యిలో పెట్టించితిని. మొక్కలమ్మినవాడు క్రోటనులను పొగడుచు, "పంతులుగారూ, దీని ఆకు పురుగు ముట్టదండీ" అనెను. ఆ మాట నాకెంతయు నచ్చెను.

మరుసటి వానకాలమున మా ఇల్లాలు గుమ్మడిపాదు పెట్టెను. తీగ కప్పునెక్కెను, పూలు విరగబూచినవి. పిందె మాత్రము గోలీకాయంత కాగానే పసుపుబారి రాలిపోవుచుండెను. బలము చాలలేదని నేను పశువులయెరువు వేయించితిని. నీరెక్కువైనదేమోయని తగ్గించితిని. దిష్టి తగిలినదని పొరుగువారనిరి. ఒకనాటి యుదయమున ఆమె పాదు కడ నిలిచి, "ఏమండీ, తుమ్మెద కనపడి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు.

గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. రెండును తెల్లవారునప్పటికి విచ్చి, ఎండ ముదిరిన పిమ్మట ముడుచుకొనును. ఆ కొద్దిసేపటిలో పుప్పొడి మోసితెచ్చు తేనెటీగయో తుమ్మెదయో రానిచో పిందె నిలువదు. తుమ్మెద ఎండుకొయ్యలోను వెదురులోను తొలుచుకొని కాపురముండును. దాని యింటిని నేనే పొయ్యిలో పెట్టితిని. ఒంటరిగా బ్రదుకు చిన్న యీగలు కొన్ని కప్పులేని నేలలో బొరియలు చేసికొనును. ఆ నేలపై నేను పచ్చిక పరపించితిని. వానికి పుప్పొడినిచ్చు తంగేటిపూవును, తేనెనిచ్చు గానుగపూవును గొడ్డలి పాలు చేసితిని. ఇక గుమ్మడి యేమి చేయును? ఆ యేడు మా ఇల్లాలు ప్రతి యుదయమును మగపువ్వు త్రుంచి, రేకులొలిచి, తానే ఆడపూలకద్దెను. ఏడు కాయలు నిలిచినవి.

నేను అమరకోశము వల్లించినవాడను. వనౌషధివర్గము నిద్రలో లేపి యడిగినను చెప్పుదును. జిల్లేటికి సంస్కృతమున నున్న పేరులు వచ్చునుగాని, జిల్లేటియాకు క్రింద ఎవరు కాపురముందురో నాకు తెలియదు. అరువదియేండ్లు దాటిన పిమ్మట వంగి చూచితిని. నలుపు తెలుపు పసుపు పట్టెల గొంగళిపురుగు ఆ చేదుపాల యాకునే తిని పెరుగుచుండెను. ఆ చేదు దాని యొంటబట్టుటచే పక్షులు దానిని ముట్టవు. అదియే పిమ్మట నారింజవన్నె సీతాకోకచిలుకయై యెగురును. కరివేపమొక్కపై కాకిరెట్టవలె నుండి, పెరిగిన పిమ్మట పచ్చబడు పురుగును మీరును చూచియుందురు. మన యింటి ఆడవారు దానిని గిల్లి పారవేయుదురు. అదియు సీతాకోకచిలుకయే. నాలుగాకులు తిననిండు, చారు రుచి తగ్గదు.

మేడిపండు పొట్టలోని పురుగులను వేమన పిరికివానిని నిందించుటకు వాడుకొనెను. నేనును ఆ పద్యమును ముప్పదియేండ్లు అట్లే బోధించితిని. అయితే మేడి, రావి, మర్రి జాతులకు పూలు కాయలోపలనే యుండును. ఒక్కొక్క జాతికి తగిన చిన్న కందిరీగ యొకటి లోనికి దూరి పుప్పొడి చేర్చును. ఆ పురుగు లేనిచో విత్తు లేదు, చెట్టు లేదు, పండ్లకై వచ్చు గోరువంకయు కోకిలయు లేవు. వేమనతో నాకు జగడము లేదు, పురుగు పక్షముననొక మాట చెప్పితిని.

ఊరపిచ్చుకల సంగతి మీరెరుగుదురు. వరికంకుల కుచ్చులు చూరున వ్రేలగట్టుట మంచి యాచారమే. కాని గూటిలోని పిల్లకు గింజ అరగదు. తల్లి పురుగును తెచ్చి నోట పెట్టవలెను. పురుగు ముట్టని మొక్కలతో నిండిన పెరటిలో ఆ తల్లి యెచ్చట వెదకును?

పరదేశపు మొక్కలన్నియు చెడ్డవని నా మతము కాదు. గుమ్మడియు మిరపయు అమెరికా ఖండమునుండి వచ్చినవే. అయితే ఆ ఖండమునుండియే తెచ్చి 1877 ప్రాంతమున కడపమండలములోని కమలాపురమున నాటిన సర్కారుతుమ్మ, వంటచెరకునకు పనికివచ్చినను, నేడెన్ని బీళ్లను చెరువుకట్టలను ఆక్రమించినదో మీకు చెప్పనక్కరలేదు. దాని క్రింద మరియొక మొక్క లేచుట అరుదు.

మరియొక వైపు చూడుడు. చిలమత్తూరు మండలమున వీరాపురమను పల్లెలో ఎర్రకాళ్ల కొంగలు ఊరినడుమ చింతచెట్లపై గూళ్లు కట్టును. తిరుపతి జిల్లాలోని నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడపచెట్లను కోరివచ్చును. పక్షికి చెట్టే చిరునామా.

నా పెరటి మాట. గోడ పడగొట్టలేదు, డబ్బు దండుగ. దానికి లోపల మూడడుగుల వెడల్పున మరల తంగేడు, వాక, బలుసు పెట్టితిని. క్రోటనులలో రెండింటిని మాత్రము ఉంచితిని, మనుమరాలి కిష్టము. పాము వచ్చునని మీరందురు. నేనును భయపడితిని. కావున వాకిలికి, నూతికి, బాలురు నడచు దారికి దూరముగా పొదనుంచి, ఆ దారిని ఊడ్చి యుంచుచున్నాము. జిల్లేటిపాలు కంటబడిన ప్రమాదము, పిల్లలను తాకనీయకుడు. ఒక మూల ఎండువెదుర్లు కట్టగట్టి నిలిపితిని. మూడవ యేట తుమ్మెద వచ్చెను. పాలపిట్ట మాత్రము రాలేదు. అది చెట్టుతొర్రలో గ్రుడ్లు పెట్టును. మా చేనిగట్టున తలవిరిగిన తాటిమొద్దు నొకదానిని వ్యర్థమని నేనే కొట్టించియుంటిని. మీ చేలలో నట్టివి యున్నచో ఉండనిండు.

విత్తుల విషయ మొకటి చెప్పి విరమింతును. వేపగింజను, నేరేడుగింజను వచ్చే యేటికని ఎండబెట్టి దాచినచో మొలవవు. పండు రాలిన రెండు వారములలోపల, తొలకరి తేమయందే నాటవలెను. తంగేటిగింజ పెంకు గట్టిది, దానిని దాచుకొనవచ్చును. నాటునపుడు కాగి దించిన నీటిలోవేసి, చల్లారనిచ్చి, రాత్రియెల్ల నాననిచ్చి మరునాడు విత్తుడు.